షోయబుల్లాఖాన్ పత్రిక పేరు ‘ఇయ్యాల’

పోయినేడు మా ఊరి గ్రామసభల ఒక సంగతి జరిగింది. అది చెప్పకుండ ఈ వ్యాసం రాస్తే నన్ను నేను మోసం చేసుకున్నట్టే.

పంచాయతీ ఆఫీసు ముంగట టెంటు ఏసిన్రు. కుర్చీలల్ల పెద్దమనుషులు, కింద పట్టాల మీద ఆడోళ్లు, ఉపాధి కూలీలు, వెనుక గోడకు ఆనుకొని పోరగాళ్లు. కార్యదర్శి లెక్కలు చదువుతున్నడు. వెనుక నుంచి ఒక ఆడపిల్ల లేచింది. పందొమ్మిదేండ్లు ఉంటయ్, డిగ్రీ రెండో సంవత్సరం. తమ వాడకట్టుల మోరీ కట్టినట్టు లెక్కల రాసిన్రు కదా, ఆ మోరీ ఏడున్నదో చూపెట్టమని అడిగింది. గట్టిగ కూడ అడగలే. కుర్చీల కూసున్న ఒకాయన ఆ పిల్ల తండ్రిని పేరు పెట్టి పిలిచి, బిడ్డను ఇంటికి తోలుకపొమ్మన్నడు. చదువుకునే పిల్లకు ఊరి లెక్కలెందుకని నవ్విండు. పదిమంది ఆయనతోటి నవ్విన్రు. తండ్రి తలకాయ దించుకున్నడు. పిల్ల కూసున్నది. మోరీ సంగతి అక్కడికే ఆగింది.

ఆ కుర్చీలల్ల కూసున్నోళ్లల్ల నేను ఒకణ్ని. నేను నవ్వలే. కాని లేవలే. ఇరవయ్యేండ్ల సంది హక్కులు, చట్టాలు, ప్రజాస్వామ్యం అని మీటింగులల్ల మాట్లాడేటోణ్ని, నా కండ్ల ముంగట ఒక పిల్ల నోరు మూయిస్తుంటే చాయ గ్లాసు పట్టుకొని సూసుకుంట కూసున్న. ఇంటికొచ్చినంక అన్నం సయించలే. ఆ రాత్రి నాకు యాదికొచ్చిన మనిషి షోయబుల్లాఖాన్.

నేను ఇంటర్ కాడ్నే సదువు ఆపినోణ్ని. నాకు తెలిసిన చరిత్ర అంత మండల లైబ్రరీల, పాత పేపర్లల్ల, పోరాటంల తిరిగిన ముసలోళ్ల నోట్ల దొరికిందే. షోయబుల్లాఖాన్ అంటే రజాకార్లు చంపిన జర్నలిస్టు అని మనందరికి తెలుసు. ఏటా ఆగస్టు 22 నాడు ఫొటోకు దండేస్తం. కాని ఆయన జిందగీని ఇంకో దిక్కు నుంచి సూడాలె. ఒక పడుచు మనిషికి ఈ రాజ్యం ఎట్లుండాలె అని మాట్లాడే జాగ ఎట్ల దొరికింది? ఆ జాగ ఎవరిచ్చిన్రు? ఎవరు గుంజుకున్నరు? మా ఊరి గ్రామసభ తర్వాత నేను ఆయన్ని ఇట్లనే సదివిన.

మానుకోట దిక్కు మనిషి

1920 అక్టోబర్ 17 నాడు పుట్టిండు షోయబుల్లాఖాన్. ఊరు సుబ్రవేడు. అప్పటి ఓరుగల్లు జిల్లాల, ఖమ్మం మానుకోట దిక్కున్న పల్లె. అంటే మా దిక్కు మనిషే. తండ్రి హబీబుల్లాఖాన్ పోలీసు నౌకరి చేసేటోడు. గాంధీ పోతున్న రైలు మానుకోట స్టేషన్ల ఆగిందని, డ్యూటీల ఉన్న హబీబుల్లా ఆయన్ని దగ్గర్నుంచి సూసిండని, అప్పట్ల పుట్టిన కొడుకును మురిపెంగ షోయబుల్లా గాంధీ అని పిలుచుకునేటోడని మా దిక్కు ఇప్పటికీ చెప్పుకుంటరు. నిజాం సర్కారు ఉప్పు తినే పోలీసు ఇంట్ల గాంధీ పేరు వినపడుడు అంటే చిన్న ముచ్చట కాదు.

పిల్లగాడు సదువుకున్నడు. ఉస్మానియా యూనివర్సిటీల డిగ్రీ చేసిండు. ఆ రోజులల్ల అది ఎంత పెద్ద సంగతో ఇప్పటోళ్లకు చెప్పాలె. హైదరాబాద్ సంస్థానం అంటే 16 జిల్లాలు, కోటిన్నరకు పైన జనం. తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడేటోళ్లే ఎక్కువ. సర్కారు సదువేమో ఉర్దూల. పల్లెలల్ల బడే సక్కగ లేదు. అసొంటప్పుడు ఉర్దూల ఉస్మానియా డిగ్రీ, పైకెల్లి తండ్రి సర్కారు కొలువుల ఉన్నోడు. కచేరీల కుర్చీ ఏసుకొని, నెలకింత జీతం తీసుకొని, పెండ్లాం పిల్లలతోని సల్లగ బతుకొచ్చు. ఆయన ఆ తొవ్వ పట్టలే. పత్రికల దిక్కు పోయిండు.

పద్దెనిమిదేండ్ల వయసుల సూసిన లోకం

ఆయనకు పద్దెనిమిదేండ్లు వచ్చింది 1938ల. ఆ ఏడు హైదరాబాద్ సంస్థానంల ఏం జరిగిందో సూడున్రి. స్టేట్ కాంగ్రెస్ అని ఒక పార్టీ పెడుతమంటే, పెట్టకముందే నిషేధం పెట్టిన్రు. ఎన్నికైన ప్రభుత్వం కావాలె, అది ప్రజలకు జవాబు చెప్పాలె అని అడుగుడే నేరం అయింది. అప్పటికే గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు ఉండె. మీటింగు పెట్టాలంటే సర్కారు పర్మిషన్ తీసుకోవాలె. పదిమంది ఒక్క దగ్గర కూసోని ఊరి మంచిచెడ్డ మాట్లాడుకునుడు కూడ సర్కారు దయ మీద ఆధారపడే.

అదే ఏడు ఉస్మానియా హాస్టళ్లల్ల విద్యార్థులు వందేమాతరం పాడిన్రు. వద్దంటే ఇనలే. వందల మందిని యూనివర్సిటీ నుంచి ఎల్లగొట్టిన్రు. వాళ్ల సదువు అక్కడితోనే ఆగిపోయేది. కాని నాగ్‌పూర్ యూనివర్సిటీ తలుపు తీసి చేర్చుకున్నది. వైస్ చాన్సలర్‌గ ఉన్న కేదార్ పోరగాళ్లను కడుపుల పెట్టుకున్నడు. అట్ల నాగ్‌పూర్ పోయినోళ్లల్ల పీవీ నరసింహారావు ఒకడు. పోరగాళ్లు తెగువ చేసిన్రు, నిజమే. కాని ఆ తెగువ వాళ్ల జిందగీని ముంచకుండ ఆపింది వేరే ఊర్ల ఒక పెద్దమనిషి తీసిన తలుపు. ఈ ముచ్చట గుర్తు పెట్టుకోన్రి, మల్ల వస్త.

తెలుగు జనంల కూడ అప్పుడు పడుచోళ్ల గాలి లేసింది. ఆంధ్ర మహాసభ ఏండ్ల సంది వినతిపత్రాలు ఇచ్చుకుంట వచ్చిన సంస్థ. 1941ల చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు అయ్యేనాటికి ఆయనకు 33 ఏండ్లు. 1944ల భువనగిరి సభ నాటికి సభ్యత్వం రుసుము రూపాయి నుంచి నాలుగణాలకు దించిన్రు. రూపాయి కట్టలేని పాలేరు, జీతగాడు నాలుగణాలు కట్టి సంఘంల చేరిండు. జనం దాన్ని చిట్టి సంఘం అని పిలుచుకున్నరు. పన్నెండు అణాలు తగ్గిస్తే ఒక సభ మొఖమే మారిపోయింది. సామాన్యుడు లోపలికి రావాల్నంటే గడప ఎత్తు తగ్గించాలె. ఉపన్యాసాలతోని అయ్యే పని కాదది.

తేజ్ పాయె, రయ్యత్ పాయె

షోయబుల్లాఖాన్ ముందుగల్ల తేజ్ అనే ఉర్దూ పత్రికల పని చేసిండు. సర్కారు లోపాల మీద, రజాకార్ల ఆగడాల మీద రాతలు వస్తుంటే తేజ్‌ను మూయించిన్రు. తర్వాత మందుముల నరసింగరావు నడిపే రయ్యత్‌ల చేరిండు. రయ్యత్ అంటే రైతు, ప్రజ. మందుముల ఆ రోజులల్ల పేరున్న పెద్దమనిషి, వకీలు, ఉర్దూల దిట్ట. పాతికేండ్లు దాటిన ఒక పడుచు పిల్లగానికి తన పత్రికల జాగ ఇచ్చిండు, రాసుకోనిచ్చిండు. 1947ల రయ్యత్‌ను కూడ నిజాం సర్కారు బంద్ పెట్టింది.

ఒక్కసారి ఆలోచించున్రి. మీరు పని చేసే పత్రిక మూతపడ్డది. ఇంకోదాన్ల చేరిన్రు, అదీ మూతపడ్డది. ఇంట్ల పెండ్లాం ఉన్నది, తల్లిదండ్రులున్నరు. దేశానికి 1947 ఆగస్టు 15 నాడు స్వాతంత్య్రం వచ్చింది గని, మీ సంస్థానానికి రాలే. నిజాం ఇండియన్ యూనియన్‌ల కలువనన్నడు. వీధులల్ల రజాకార్లు కవాతులు చేస్తున్నరు. వాళ్ల నాయకుడు ఖాసిం రజ్వీ, లాతూర్ వకీలు, ఆయన మాటే పెద్దమాట అయి కూసున్నది. ఇసొంటప్పుడు బుద్ధి ఉన్నోడు ఏం చేస్తడు? సైలెంట్‌గ ఉంటడు. లేకుంటే బొంబాయి దిక్కో, మద్రాసు దిక్కో పోతడు. షోయబుల్లాఖాన్ సొంత పత్రిక పెడుతనన్నడు.

ఒక పెద్దమనిషి చేసిన పని

పత్రిక పెట్టాలంటే పైసలు గావాలె. ఆయన తాన లేవు. అప్పుడు ముందుకొచ్చింది బూర్గుల రామకృష్ణారావు. కాంగ్రెస్ల పెద్ద నాయకుడు, వకీలు, చాన భాషలు తెలిసిన పండితుడు. 1899ల పుట్టిండు కాబట్టి 1947ల ఆయనకు 48 ఏండ్లు. పత్రిక నడిచెటందుకు ఆయన ఆసరైండు. కాచిగూడల ఆఫీసు పెట్టుకున్నరు. 1947 నవంబర్ 15 నాడు పత్రిక బయటికొచ్చింది. పేరు ఇమ్రోజ్. ఎడిటర్ షోయబుల్లాఖాన్‌కు 27 ఏండ్లు నిండి నెల కూడ కాలే.

బూర్గుల చేసిన పనిని నేను చాన సార్లు తలుసుకున్న. ఆయన కూడ రాయగలిగినోడే, మాట్లాడగలిగినోడే. పత్రిక పెట్టి మీద తన పేరే ఏసుకోవచ్చు. షోయబుల్లాను కింద కూసోబెట్టి తన మాటలు రాపిచ్చుకోవచ్చు. మన రాజకీయాలల్ల యువజన విభాగాలకు ఇప్పుడు జరుగుతున్నది గదే. కుర్చీ పెద్దలది, జెండాలు కట్టుడు పోరగాళ్లది. ఇమ్రోజ్‌ల అట్ల కాలే. ఎడిటర్ పేరు షోయబుల్లాది, రాత షోయబుల్లాది, రాసినదానికి జవాబుదారీ షోయబుల్లాది.

ఈ మాట రాసేటప్పుడు నా వయసు కూడ బూర్గులకు అప్పుడున్న వయసుకు దగ్గరకొచ్చింది. అందుకే మా గ్రామసభ కుర్చీ నాకు ముల్లు లెక్క గుచ్చుకుంటున్నది. నలభై ఎనిమిదేండ్ల మనిషి ఒకాయన ఇరవై ఏడేండ్లోనికి పత్రిక నిలబెట్టిండు. నేను పందొమ్మిదేండ్ల పిల్లకు ఒక్క మాట ఆసరా ఇయ్యలేకపోయిన.

తొమ్మిది నెలల పత్రిక

ఇమ్రోజ్ అంటే ఇయ్యాల అని అర్థం. ఈ పేరు నాకు మస్తు నచ్చుతది. మన దగ్గర పోరగాళ్లను ఎప్పుడు మెచ్చుకోవాల్నన్న రేపటి పౌరులు అంటరు. బడి గోడల మీద కూడ అదే రాస్తరు. రేపు అనేది ఎన్నడు రాదు. ముప్పై దాటినోనికి కూడ ఇంకా టైం ఉన్నదంటరు. షోయబుల్లాఖాన్ తన పత్రికకు ఇయ్యాల అని పేరు పెట్టుకున్నడు.

పత్రిక వచ్చిన రెండు వారాలకే, 1947 నవంబర్ 29 నాడు నిజాంకు, ఇండియన్ సర్కారుకు నడుమ యథాతథ ఒప్పందం అయింది. ఎక్కడిదక్కడ ఉంచి ఏడాది దాకా ఆగుదామని దాని అర్థం. ఆ ఏడాదిలనే జనం మీద దాడులు పెరిగినయ్. ఇమ్రోజ్ వాటి గురించి రాసింది. పొద్దుగాల ఒక సర్కారు, పొద్దుమీకినంక రజాకార్ల ఇంకో సర్కారు నడుస్తున్నదని షోయబుల్లా నిలదీసిండు. హైదరాబాద్ యూనియన్‌ల కలవాల్నని, జనం ఎన్నుకున్న ప్రభుత్వం రావాల్నని రాసిండు. అవన్నీ ఉర్దూల రాసిండు. అంటే సర్కారుకు అర్థమయ్యే భాషల, రజాకార్లల్ల చేరుతున్న పోరగాళ్లు సదివే భాషల రాసిండు. వాళ్లు ఆయన ఈడోళ్లే. వాళ్లకు ఇంకో తొవ్వ చూపెట్టాల్నని ఆయన కోషిష్.

ఈ కాడ ఒక మాట ఖచ్చితంగ చెప్పాలె. కొందరు ఈ చరిత్రను హిందూ ముస్లిం లొల్లి లెక్క చెప్తరు. రజాకార్లను నిలదీసి పానం ఇచ్చిన షోయబుల్లాఖాన్ ముసల్మాన్. 1948 ఆగస్టుల ఏడుగురు ముస్లిం పెద్దలు సంతకాలు పెట్టి ఒక ప్రకటన తీసిన్రు. బాఖర్ అలీ మీర్జా, ముల్లా అబ్దుల్ బాసిత్, నౌకరికి రాజీనామా చేసిన ఫరీద్ మీర్జా లాంటోళ్లు అందుల ఉన్నరు. రజాకార్ల ఆగడాలు ఆపాలె, యూనియన్‌ల కలవాలె అన్నదే వాళ్ల మాట. ఆ ప్రకటనను ఇమ్రోజ్ అచ్చేసింది. మతం పేరు మీద జనాన్ని చీల్చి రాజ్యం కాపాడుకుందామనుకున్నోళ్లకు అన్నిటికంటె ఎక్కువ కోపం తెచ్చింది ఇదే. ఎదుటోడు తిడితే వాళ్లకు పండుగే. సొంత గల్లీ పిల్లగాడు ప్రశ్న అడిగితే జవాబుండదు.

చప్పల్‌బజార్ రాత్రి

బెదిరింపులు అంతకుముందు నుంచే వస్తున్నయ్. రాతలు బంద్ చెయ్యాల్నని ఉత్తరాలు పంపిన్రు. ఆయన ఆపలే. 1948 ఆగస్టు 19 నాడు హైదరాబాదుల జమ్రుద్ మహల్ కాడ మీటింగు పెట్టి, తమకు ఎదురు రాసే చేతులను నరకాల్నన్నట్టు ఖాసిం రజ్వీ మాట్లాడిండు. అది ఊరంత వినపడ్డది. సర్కారుకు వినపడలేదంటే ఎవరూ నమ్మరు. అయిన రక్షణ లేదు.

రెండు రోజులకు, ఆగస్టు 21 రాత్రి, పత్రిక పని ముగించుకొని షోయబుల్లాఖాన్ ఇంటికి బయలెల్లిండు. తోడు బావమరిది ఇస్మాయిల్‌ఖాన్. ఇద్దరు నడుసుకుంట పోతున్నరు. కాచిగూడ చప్పల్‌బజార్ కాడ వెనుక నుంచి వచ్చి తుపాకీ పేల్చిన్రు. పడ్డంక రాసే చెయ్యిని నరికిన్రు. అడ్డం పోయిన ఇస్మాయిల్‌ఖాన్ చెయ్యి కూడ నరికిన్రు. తెల్లారకముందే, ఆగస్టు 22 నాడు, షోయబుల్లాఖాన్ పానం పోయింది. ఇరవై ఎనిమిది నిండెటందుకు ఇంకో రెండు నెలలు ఉండె. గోషామహల్ దగ్గర మాలకుంట ఖబరస్తాన్ల ఆయన్ని మట్టిచేసిన్రు. ఇమ్రోజ్ అక్కడితోని ఆగిపోయింది.

ఇంకో ఇరవై ఆరు రోజులకు, సెప్టెంబర్ 17 నాడు నిజాం లొంగిపోయిండు. ఆ ఇరవై ఆరు రోజులు ఆయన్ని కాపాడుకోలేకపోయిన్రు. జైలుకు పోయిన ఖాసిం రజ్వీ 1957ల ఇడుదలై పాకిస్తాన్ పోయిండు. ఇస్మాయిల్‌ఖాన్ మాత్రం పోయిన చెయ్యితోనే బతికిండు. ప్రజాస్వామ్యం కోసం ఎవరు ఎంత ఇచ్చుకున్నరో లెక్క రాసేటప్పుడు బావకు తోడు నడిచిన ఆ బావమరిది పేరు మనం మర్చిపోతం. నేను మర్చిపోవద్దనుకుంటున్న. ఎందుకంటే పడుచోళ్లు ముందు నడిచినప్పుడు పక్కన ఒకడు నడవాలె.

ఆయన సూడని ఎన్నికలు

1952ల హైదరాబాద్ రాష్ట్రంల ఎన్నికలు జరిగినయ్. కులం, మతం, ఆస్తి, సదువు సూడకుండ పెద్దయిన ప్రతి మనిషికి ఓటు. షోయబుల్లా అడిగింది గదే. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయిండు. బతికుంటే షోయబుల్లాకు అప్పుడు 31 ఏండ్లు. ఏ బిల్లు మీద ఏం రాసేటోడో, అండగ ఉన్న బూర్గుల సర్కారునే ఎట్ల నిలదీసేటోడో అని నాకు ఆలోచన వస్తది. నిలదీసేటోడనే నా నమ్మకం.

అప్పుడు ఓటు వయసు 21. దాన్ని 18కి దించుటానికి చాన ఏండ్లు పట్టింది. 61వ రాజ్యాంగ సవరణతోని 1989ల పద్దెనిమిదేండ్లోళ్లకు ఓటు హక్కు వచ్చింది. ఇరవై ఒకటి నిండితే సర్పంచ్‌కు నిలబడొచ్చు, ఇరవై అయిదు నిండితే ఎమ్మెల్యేకు. కాగితం మీద తలుపులు తీసే ఉన్నయ్.

కాని లోపలికి పోయి సూడున్రి. 1969ల, మల్ల 2009 తర్వాత, తెలంగాణ కోసం ఉస్మానియా, కాకతీయ పోరగాళ్లు రోడ్ల మీదికొచ్చిన్రు. లాఠీలు తిన్నది వాళ్లు, కేసులు మోసింది వాళ్లు, పానాలిచ్చింది వాళ్లు. అదే ఉస్మానియాల విద్యార్థి సంఘం ఎన్నికలు బంద్ అయి మూడు దశాబ్దాలు దాటింది. 2006ల లింగ్డో కమిటీ క్యాంపస్ ఎన్నికలు పెట్టాల్నన్నది, సుప్రీంకోర్టు అమలు చెయ్యాల్నన్నది. పైసల ఖర్చుకు హద్దు పెట్టిన్రు, వయసుకు హద్దు పెట్టిన్రు. రీసెర్చ్ చేసేటోళ్లకు ఆ హద్దు 28 ఏండ్లు. షోయబుల్లాఖాన్ సచ్చిపోయిన వయసోడు ఇయ్యాల క్యాంపస్ల ఉంటే ఆ నియమాల ప్రకారం నిలబడొచ్చు. ఆయన సదివిన ఉస్మానియాల మాత్రం నిలబడే ఎన్నికే లేదు. అదే పట్నంల సెంట్రల్ యూనివర్సిటీల ఎన్నికలు జరుగుతయ్, పోరగాళ్లు మేనిఫెస్టోలు రాసుకుంటరు, వాదించుకుంటరు, ఓడుతరు, గెలుస్తరు. అక్కడ మిన్ను విరిగి మీద పడలే.

క్యాంపస్ల గొడవలు అయితయని పెద్దలు భయపెడుతరు. గొడవలు అయినయ్, చదువుకునే పిల్లల పానాలు పోయినయ్, కాదనను. కాని అసెంబ్లీ ఎన్నికలల్ల సారా, పైసలు పారుతున్నయని ఎన్నికలే బంద్ పెడుతమా? నియమాలు గట్టిగ పెట్టుకుంటం. పోరగాళ్ల కాడికొచ్చేసరికే మన భయం తాళంకప్ప అయితది.

మనం చెయ్యాల్సిన పని

షోయబుల్లాఖాన్ జిందగీ నుంచి నాకు అర్థమైనవి మూడు. మొదటిది, ఆయనకు జాగ దొరికింది. తేజ్ పోతే రయ్యత్, రయ్యత్ పోతే ఇమ్రోజ్. రెండోది, ఆ జాగల ఆయన సొంత మాట చెప్పనిచ్చిన పెద్దలు ఉండిన్రు. మూడోది, మాట చెప్పినంక ఆయనకు రక్షణ దొరకలే. మూడోది లేకపోతే మొదటి రెండు ఎంత ఉన్నా ఖబరస్తాన్ దాకనే.

మన ఊర్లల్ల ఈ మూడింటిని ఎట్ల తేవాలె? 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలంటది. ఆ సభ పొద్దుగాల పదకొండుకు, కాలేజీ పోరగాళ్లు ఊర్ల లేనప్పుడు పెడితే వాళ్లెట్ల వస్తరు? ఆదివారం పెట్టున్రి, పొద్దుమీకి పెట్టున్రి. మొదటి అర్ధగంట ఇరవై అయిదు లోపు వయసోళ్లకు ఇయ్యున్రి. లెక్కల కాగితం నాలుగు రోజుల ముందే ఊరి వాట్సాప్ గ్రూపుల పెట్టున్రి. సదువుకోకుండ ప్రశ్న అడుగుడు ఎవరితోని కాదు. అడిగిన ప్రతి ప్రశ్నను పేరుతోని రిజిస్టర్ల రాయించున్రి, జవాబు కూడ మల్లసారి సభల చదివిపించున్రి. రాసిన ప్రశ్నను నవ్వి పారేసుడు కష్టం.

యూనివర్సిటీలల్ల ఎన్నికలు పెట్టున్రి. పార్టీలల్ల యువజన విభాగాలకు జెండాలు కాదు, టికెట్లు ఇయ్యున్రి, అవి కూడ నాయకుల కొడుకులకు, బిడ్డలకు కాకుండ. పోస్టు పెట్టినందుకు, ప్రశ్న అడిగినందుకు పోరగాళ్ల మీద కేసులు పెట్టే పద్ధతి ఏ పార్టీ సర్కారున్నా ఆగాలె. చెయ్యి నరుకుడు ఒక్క కత్తితోనే కాదు. ఇరవయ్యేండ్ల పిల్లగాని మీద ఒక ఎఫ్ఐఆర్ పడితే నౌకరి, పాస్‌పోర్టు అన్నిటికి అది అడ్డం పడుతది. రాసే చెయ్యి దానంతట అదే ఆగిపోతది.

ఇంక నా సంగతి. గ్రామసభ అయిన వారానికి ఆ పిల్ల ఇంటికి పోయిన. తండ్రి కుర్చీ ఏసిండు గని సరిగ మాట్లాడలే. ఆ రోజు లేవకపోవుడు నా తప్పు అని ఆ పిల్లకు చెప్పిన. మల్ల సభల అడుగుతవా అన్న. ఆ పిల్ల నన్నొక ప్రశ్న అడిగింది. ఈసారి మీరు లేస్తరా అని. అవునన్న. ఒట్టి మాటతోని నమ్మలే, కాగితం మీద రాద్దామన్నది. వాడకట్టుల ఇంకో అయిదుగురు పోరగాళ్లు సంతకాలు పెట్టిన్రు. కింద నా పేరు, నా సంతకం.

తర్వాతి సభల ఆ పిల్ల లేచి మోరీ సంగతి మల్ల అడిగింది. నేను కుర్చీల నుంచి లేచి పోయి ఆ పిల్ల పక్కన నిలబడ్డ, అంతే, మాట ఆ పిల్లదే. కొందరు గొణిగిన్రు. ఎవరూ నవ్వలే. కార్యదర్శి ప్రశ్నను రిజిస్టర్ల ఎక్కించిండు. జవాబు ఇంకా రాలే, మోరీ కూడ రాలే. మల్ల సభకు పోతం.

ఆగస్టు 22 నాడు షోయబుల్లాఖాన్ ఫొటోకు మీరు కూడ దండేస్తుండొచ్చు. ఎయ్యున్రి. కాని అదే వారం మీ ఊర్ల, మీ ఆఫీసుల, మీ ఇంట్ల ఇరవయ్యేండ్ల మనిషి ఎవరన్న ఒక ప్రశ్న అడిగితే, రేపు సూద్దామనకున్రి. ఆయన పత్రిక పేరు ఇయ్యాల.